ఠాణా గుమ్మమున స్త్రీరక్షణము

గడచిన సంవత్సరము మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండిన యొక బాలిక తండ్రి మాయొద్దకు వచ్చి, బిడ్డ పేరు కొట్టివేసి బదిలీపత్రము వ్రాసి యిమ్మని కోరెను. బడి విడిచిన వేళ ఇద్దరు యువకులు ఆమెను ఇంటిదాక వెంబడించుచుండిరట. ఠాణాకు పోయితిరా యని యడిగితిమి. “పోయానండీ. ఆడపిల్ల పేరు కాగితమెక్కితే రేపు సంబంధాలొస్తాయా, ఆలోచించుకో అన్నారు. ఆలోచించుకున్నాను” అని ఆతడు తల వంచుకొనెను. ఆనాడు ఆ తండ్రికి మేము ప్రత్యుత్తరము చెప్పలేకపోయితిమి. నేడు చెప్పుచున్నాము.

స్త్రీరక్షణమనగానే మనవారు చెప్పు మాటలు రెండు. పొద్దుక్రుంకిన పిమ్మట ఆడుది గడప దాటరాదనునది మొదటిది. దుష్టుని పట్టిన చోటనే కాల్చివేయవలెననునది రెండవది. మొదటిది పిఱికితనము, రెండవది ఉద్రేకము. ఈ రెంటి నడుమ ఠాణా గుమ్మ మున్నది. ఆపన్నురాలు ఆ గుమ్మమెక్కినప్పుడు లోనివారు కలము తీసి వ్రాసికొందురా, లేదా? స్త్రీరక్షణమునకు ఇదియే మొదటి మెట్టని మా వాదము.

2019 నవంబరు 27వ తేది రాత్రి శంషాబాదు చెంత ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు గురియై హతురాలయ్యెను. ఆ రాత్రి ఠాణాకు పరుగెత్తిన తమ్ము, ఇది మా హద్దు కాదని మఱియొక ఠాణాకు త్రిప్పిరని ఆమె కుటుంబమువారు మొఱపెట్టుకొనిరి. జాగు చేసినందులకు ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండు చేయబడిరి. డిసెంబరు 6వ తేది తెల్లవాఱుజామున నిందితులు నలుగురును పోలీసు తుపాకులకు కూలిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి! నిందితులను చంపు తలంపుతోనే కాల్చిరని సుప్రీముకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషను తేల్చినట్లు 2022లో వెల్లడియైనది. ఆ తుపాకి చప్పుడులో, ఆనాటి రాత్రి కదలని కలము మాట ఎల్లరును మఱచిరి.

అదుపులేని అధికారము స్త్రీని కాపాడునా? 1978లో ఇదే హైదరాబాదులో, నల్లకుంట ఠాణాలో ఒక స్త్రీపై పోలీసులే అత్యాచారము చేసిరనియు, ఆమె భర్తను కొట్టి చంపిరనియు నగరమంతయు అట్టుడికినది. జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను దోషులనెను. పొరుగు రాష్ట్రమునకు మార్చబడిన విచారణలో వారు నిర్దోషులై బయటపడిరి.

అధికారిని శంకించుట పాశ్చాత్యుల పోకడ యని కొందఱందురు. వారు కౌటిల్యుని అర్థశాస్త్రము తెఱచి చూతురుగాక! కంటకశోధనమను అధికరణమున దొంగలకే గాక తప్పుచేసిన రాజోద్యోగులకును దండనము కలదు. నిర్బంధములోనున్న స్త్రీని చెఱచుటయు దండార్హమైన నేరముగా చెప్పబడినది.

నేడును శాసనములకు కొఱత లేదు. వారంటు లేకుండ అరెస్టు చేయదగిన నేరము తెలుపబడినచో ఎఫ్.ఐ.ఆర్. వ్రాసితీరవలెనని 2013లో లలితకుమారి వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పెను. స్త్రీలపై జరిగిన ఘోరనేరములను నమోదు చేయని ఉద్యోగికి ఆరు నెలలకు తక్కువకాని కఠిన కారాగారశిక్షయు ఆ యేడే శాసనమునకెక్కెను. నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాయైనను వ్రాసికొనవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది.

మఱి కలమేల కదలదు? నేరముల లెక్క పెరిగినచో ఠాణాధికారికి చెడ్డపేరు. వ్రాయకుండుటయే ఆతనికి లాభము. వ్రాయని వానిపై విచారణ జరుపువాడును సాధారణముగా మఱియొక పోలీసే. ఈ రోగమునకు మందు 2006లోనే ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పెను. నేరపరిశోధనమును శాంతిభద్రతల పనినుండి వేఱుచేయుట, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునను ప్రతి జిల్లాయందును ప్రత్యేక మండలులను నెలకొల్పుట ఆ యేడు ఆదేశములలోనివి. ప్రభుత్వములు ఆ మందును సీసాలోనే దాచియుంచినవి.

చదువరులారా! ఓటడుగ వచ్చినవానిని మన జిల్లా ఫిర్యాదుల మండలి ఏదని అడుగుడు. ఠాణాకు పోవు స్త్రీవెంట మీరును నడువుడు, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా పొందుట హక్కు, అది చేతబట్టుకొనియే మఱలుడు. పరువను మాటను పోలీసు అనకమునుపు మన యింటివారే అనుచున్నారు; దానిని ముందు ఇంటనే మాన్పుడు.

మా హాజరుపట్టీలో ఆ బాలిక పేరుపై ఎఱ్ఱసిరా గీత యున్నది. ఆ యువకుల పేరులు ఎక్కవలసిన కాగితము మాత్రము ఠాణాలో తెల్లగా నున్నది.