టాక్సీ ఎక్కడానికి ఎన్ని మాటలు కావాలి?

పిల్లల దగ్గరికో, భర్త ఉద్యోగం మీదో పరాయి దేశం వెళ్లొచ్చిన మన ఆడవాళ్లని ఎవరినైనా అడగండి, "అక్కడ ఏమేం చూశావు?" అని. చెప్పేవన్నీ శనాదివారాలు చూసినవే. మిగతా ఐదు రోజులూ ఇల్లూ, కిటికీ. "భాష రాదుగా, ఒక్కదాన్నీ ఎలా వెళ్తాను?" అంటారు. ఇంట్లోవాళ్లూ అదే మాట అంటారు, ప్రేమగానే. ఆ ప్రేమ మీదే నాకు కాస్త అభ్యంతరం.

మావారి ఆఫీసు పని మీద మేం ఆరు నెలలు టోక్యోలో ఉన్నాం. మన దేశంవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయిలో ఇల్లు. అత్తయ్యగారు కూడా రెండు నెలలుందామని వచ్చారు. అక్కడి రైళ్లకి వంక పెట్టలేం గానీ, స్టేషన్లలో ఆ నడకా, ఆ మెట్లూ మోకాళ్ల నొప్పులున్న మనిషి వల్ల కాదు. మావారు పొద్దున్న వెళ్తే రాత్రికి గానీ రారు. ఇంక టాక్సీ ఎక్కాల్సింది మేమిద్దరం, మాట్లాడాల్సింది నేను.

నేర్చుకున్నది గుప్పెడు మాటలు. మిగి అంటే కుడి, హిదారి అంటే ఎడమ, మస్సుగు అంటే తిన్నగా, కొకొ అంటే ఇక్కడ. "మదే" అంటే "వరకు". ఇది నాకు భలే నచ్చింది. మనం "స్టేషన్ వరకు" అంటే వాళ్లు "ఎకి మదే" అంటారు. మనలాగే పేరు ముందు, వరకు తర్వాత. క్రియ వాక్యం చివరే. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. బి.ఏ.లో తెలుగు చదివి ఏం ఒరిగింది అనేవాళ్లకి ఇన్నాళ్లకి ఓ జవాబు దొరికింది. మనవాళ్లు కొందరు అవతలివాడికి ఇంగ్లీషు రాకపోతే అదే ఇంగ్లీషు ఇంకా గట్టిగా అరుస్తారు. దానికంటే ఈ గుప్పెడు మాటలు నయం కాదూ?

చిరునామా చెప్పడం కూడా మనకి కొత్తేం కాదు. అక్కడ చాలా వీధులకి పేర్లే ఉండవు, అన్నీ నంబర్లే. అందుకని పక్కనున్న స్టేషనో, బడో గుర్తు చెప్పుకుంటారు. మన "రామాలయం ఎదురు సందు" లెక్కే.

అయితే నోటిని నమ్మకూడని సందర్భం ఒకటుంది. ఆసుపత్రిని "బ్యోఇన్" అంటారు. "బియోఇన్" అంటే జుట్టు కత్తిరించే సెలూను. అత్తయ్యగారికి ఓ మధ్యాహ్నం కళ్లు తిరిగితే నేను రెండో మాటా అనలేదు, మొదటి మాటా అనలేదు. కాగితం తీసి చూపించాను. మా ఇల్లు, ఆసుపత్రి, స్టేషను, పక్కింటావిడ చేత జపనీసులో పెద్ద అక్షరాలతో రాయించి పర్సులో పెట్టుకున్న కాగితం అది. తెల్ల చేతితొడుగులేసుకున్న ఆ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చదివి, తలూపి, మలుపుల దగ్గర మెల్లగా పోనిచ్చాడు. బీపీ పడిపోయిందట, అంతే. గుండెనొప్పి లాంటిదైతే మాత్రం టాక్సీ కోసం చూడకూడదు, 119కి ఫోన్ చేయాలి. అంబులెన్సుకి డబ్బు తీసుకోరు.

"ఫోనే అనువాదం చేస్తుందిగా" అంటారు మావారు. చేస్తుంది. ఓ చేత్తో అత్తగారిని పట్టుకుని, రెండో చేత్తో ఛార్జింగు నాలుగు శాతం ఉన్న ఫోనులో మాట్లాడి చూస్తే తెలుస్తుంది.

మిగతావన్నీ ఒకసారి ఎక్కితే వచ్చేస్తాయి. వెనక తలుపు డ్రైవరే తెరుస్తాడు, వేస్తాడు, మనం లాగక్కర్లేదు. అద్దం వెనక ఎర్ర అక్షరాలు వెలుగుతుంటే మామూలుగా ఖాళీ బండి అని. టిప్పు ఇవ్వక్కర్లేదు, చిల్లర పైసలతో సహా తిరిగిస్తారు. రసీదు మాత్రం తీసుకోండి, గొడుగు మర్చిపోతే దాని మీదున్న నంబరే దిక్కు.

అసలు సంగతి ఒకటుంది. భాష రాదన్నది సగం కారణమే. మిగతా సగం డబ్బు. టోక్యోలో 2022 నవంబరు నుంచి మొదటి 1,096 మీటర్లకే 500 యెన్లు. రాత్రి పది దాటితే ఇంకో 20 శాతం. "నా ఒక్కదాని కోసం ఇంతెందుకు?" అని మనమే వెనకాడతాం. అదే ఇంట్లో అందరూ కలిసి ఎక్కితే ఎవరూ లెక్క చూడరు. నెలకి నాలుగుసార్లు టాక్సీకి ఇంత అని ముందే విడిగా పెట్టించుకోండి, కూరగాయల డబ్బుతో కలపకండి. అమ్మని తీసుకెళ్లే పిల్లలకి కూడా ఇదే చెప్తాను. "ఎక్కడికీ వెళ్లకు" అనేబదులు కాగితం రాసిచ్చి, డబ్బు చేతిలో పెట్టండి.

అత్తయ్యగారు "కొకొ"ని "కోక"తో గుర్తుపెట్టుకున్నారు. వచ్చిన మూడోవారం నుంచీ నన్ను నోరెత్తనివ్వలేదు. మా గుమ్మం రాగానే ముందుకి వంగి, "కొకొ నాయనా, కొకొ" అనేవారు. ఒక్కరైనా ఆపకుండా పోలేదు.