జర్మన్ పరీక్షకు డబ్బు కట్టే ముందు

ఈ మధ్య మన గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతున్నది: "అన్నా, జర్మనీ పోవాలంటే గోథే పరీక్ష రాయాల్నా, టెల్క్ రాయాల్నా?" నా అభిప్రాయం చెప్తున్న, కొందరికి నచ్చకపోవచ్చు. ఆ సర్టిఫికెట్ ఏ ఆఫీసులో, ఏ పనికి చూపిస్తారో ముందు తేల్చుకోండి. ఐర్లాండ్‌లో ఉన్న మనలో చాలామందికి ఏ పరీక్షా అవసరం పడదు.

ఎట్లంటే, ఇక్కడి కంపెనీలు ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల డేటా సెంటర్ల పనులు చేస్తున్నయి. మీ కంపెనీయే మిమ్మల్ని కొన్నాళ్ళ పనికి అక్కడికి పంపితే, మీరు ఐర్లాండ్ ఉద్యోగిగానే పోతారు. మన ఐరిష్ స్టాంప్ జర్మనీలో చెల్లదు, వీసా కావాలి, అది నిజమే. కానీ దానికి వాండర్ ఎల్స్ట్ వీసా అని వేరే ఉంది. బెల్జియంలో కూల్చివేత పనులు చేయించే ఒక యజమాని పేరు అది. తన దగ్గర పనిచేసే మొరాకో కూలీలను ఫ్రాన్స్‌లో రీమ్స్ అనే ఊరికి పనిమీద తీసుకపోతే, ఫ్రాన్స్ వర్క్ పర్మిట్ లేదని అక్కడి అధికారులు డబ్బు కట్టమన్నరు. ఆయన కోర్టుకు పోయిండు. 1994లో యూరప్ కోర్టు ఆయన వైపే తీర్పిచ్చింది: ఒక ఈయూ దేశంలో పద్ధతి ప్రకారం పనిచేస్తున్నవాళ్ళను కంపెనీ ఇంకో ఈయూ దేశంలో పనికి తీసుకపోతే మళ్ళీ పర్మిట్ అడగొద్దని. మనలాంటి సైటు కూలీల కేసే అది. ఆ వీసాకు భాషా పరీక్ష లేదు. అయినా మా సైట్‌లో ఒక స్కాఫోల్డింగ్ తమ్ముడిని కంపెనీయే పంపుతుంటే, "బీ2 లేకుంటే వెనక్కి పంపిస్తరు" అని ఒక ఏజెంట్ కోచింగ్ ఫీజు అడిగిండు.

సొంతంగా ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకు 2024 జూన్ నుంచి చాన్సెన్‌కార్టే ఉంది. పాయింట్ల లెక్క, 6 రావాలి. జర్మన్ ఏ2కు 1, బీ1కు 2, బీ2కు 3. వినడానికి బాగుంది. కానీ గడప దాటాలంటే ముందు డిగ్రీ గానీ, మన ప్రభుత్వం గుర్తించిన కనీసం రెండేళ్ళ వృత్తి శిక్షణ గానీ ఉండాలి. ఐటీఐ చేసిన తమ్ముళ్ళు ఆ కాగితాలు బయటికి తీయండి. పదో తరగతితో ఆపి పనిమీదే పని నేర్చుకున్న నాలాంటోడు బీ2 కొట్టినా ఈ తలుపు తెరుచుకోదు. 40 దాటితే వయసు పాయింట్లు కూడా సున్నా. ఈ ముక్క చెప్పకుండా ఫీజు వసూలు చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతది.

ఇంకొక దారి ఎవరూ మాట్లాడరు. ఐర్లాండ్ పౌరసత్వానికి భాషా పరీక్షే లేదు. స్టాంప్ 1, స్టాంప్ 4 మీద లెక్కకొచ్చే ఐదేళ్ళు నిండాలి; స్టూడెంట్ స్టాంప్ 2 కాలం లెక్కకు రాదు. ఐరిష్ పాస్‌పోర్ట్ చేతికొస్తే జర్మనీలో వీసా లేకుండా పనిచేయొచ్చు. భారత పాస్‌పోర్ట్ వదులుకోవాలి, ఓసీఐ తీసుకోవాలి, అది ఇంట్లో కూర్చొని ఆలోచించాల్సిన మాట. కానీ ఇక్కడ నాలుగేళ్ళు చేసి, ఇంకొక్క ఏడాదికి ఓపిక లేక బీ1 పుస్తకాలు కొనే తమ్ముడిని నేనైతే ఆపుతా.

నిజంగా అవసరమైనవాళ్ళూ ఉన్నారు. జర్మనీలో ఉన్న భర్త దగ్గరికి పోయే చెల్లెలికి చాలాసార్లు ఏ1 కావాలి. భర్తది బ్లూ కార్డ్ అయితే అదీ అక్కర్లేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళకు హైదరాబాద్‌లో గోథే జెంట్రుమ్ ఉంది. అక్కడ శాశ్వతంగా ఉండడానికి మామూలుగా బీ1, పౌరసత్వానికీ బీ1.

అట్లాంటివాళ్ళు ఏది రాయాలంటే, గోథే అయినా టెల్క్ అయినా ఎంబసీ తీసుకుంటుంది. బీ1కు నా ఓటు గోథేకే. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ విడివిడి, ఒక్కోదానిలో 100కు 60 రావాలి. సైటు మనుషులం మాట్లాడి నెట్టుకొస్తాం, ఈమెయిల్ రాయమంటే చెమటలు పడతయి. రాయడంలో తప్పితే అదొక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. టెల్క్‌లో రాత ఒక భాగం, మాట ఒక భాగం. తప్పితే చదవడం, వినడం కూడా రాతతోపాటు మళ్ళీ రాయాలి. ఇప్పటికే జర్మనీ చేరి ఇంటిగ్రేషన్ కోర్సులో ఉన్నవాళ్ళకు మాత్రం కోర్సు చివర పెట్టే డీటీజెడ్ మేలు. బీ1 అందకపోయినా ఏ2 వస్తే ఆ సర్టిఫికెట్ చేతికిస్తారు.

సేఫ్ పాస్ లాగా ఒక్కరోజు కూర్చుంటే వచ్చే కార్డు కాదిది, సున్నా నుంచి బీ1కు షిఫ్టులు చేసుకుంటూ ఏడాది పైనే పడుతుంది. వీసాకు ఏడాది దాటిన సర్టిఫికెట్ చూపిస్తే ఎంబసీ ఒప్పుకోకపోవచ్చు, కాబట్టి మరీ ముందే రాసి దాచుకోకండి. డబ్లిన్‌లో గోథే ఇన్‌స్టిట్యూట్ మెరియన్ స్క్వేర్‌లో ఉంది. తేదీలు, ఫీజులు అక్కడే అడగండి, డబ్బు కూడా అక్కడే కట్టండి.