పింఛను గడపకు వస్తోంది, మరి పలకరింపు?

మా మేనత్తకు 78 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం వరకు సాయంత్రం ఐదయ్యేసరికి ఊళ్లో రామాలయం అరుగు మీద ఉండేది. అక్కడ ఐదుగురు ఆడవాళ్లు చేరి ఒత్తులు చేసుకుంటూ, ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటూ చీకటి పడేదాకా కూర్చునేవారు. ఉన్నట్టుండి అత్త వెళ్లడం మానేసింది. వయసు మీద పడింది కదా అనుకున్నాం. పెద్ద టీవీ కొనిచ్చాం, వంటకు మనిషిని పెట్టాం, బీపీ మాత్రలు అయిపోకుండా చూసుకున్నాం.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అడిగాను, "గుడి దగ్గరికి ఎందుకు వెళ్లడం లేదత్తా?" అని.

"ఏం చెప్పమంటావురా! వాళ్లు నవ్వుతారు, దేనికి నవ్వుతున్నారో నాకు వినబడదు. నేనూ ఊరికే నవ్వుతూ కూర్చోవాలి. దానికంటే ఇంట్లో ఉండటమే నయం" అంది.

నాలుగేళ్లలో ఆమె చెవులు పరీక్ష చేయించాలన్న ఆలోచన మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు. అరుగు మీద కబుర్లు మానేయడం ఆరోగ్యానికి సంబంధించిన విషయమని మాకు తోచలేదు. ఈ పొరపాటు మా ఇంటికే పరిమితం కాదు. వృద్ధుల సేవలంటే పింఛను, మందులు, గతిలేనివారికి ఆశ్రమం అని మన ప్రభుత్వాలూ అనుకుంటున్నాయి. అవన్నీ కావలసినవే. కానీ నలుగురు పెద్దవాళ్లు కలిసి కూర్చునే చోటును మనం కాలక్షేపం కింద లెక్క వేస్తున్నాం. దాన్ని ఆరోగ్య సేవగా గుర్తించి, నడిచి వెళ్లగలిగే దూరంలో ఏర్పాటు చేయడం స్థానిక సంస్థల బాధ్యత కావాలని నా వాదన.

ముందు లెక్కలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైనే. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ కలిసి 2023లో ఇచ్చిన నివేదిక అంచనా ప్రకారం 2050 నాటికి వీరి సంఖ్య 34 కోట్లు దాటుతుంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ వాటా జాతీయ సగటు కంటే ఇప్పటికే ఎక్కువ. పిల్లలు హైదరాబాద్‌కో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోయిన ఇళ్లు ఏ ఊళ్లో చూసినా కనబడతాయి.

మనుషులతో సంబంధాలకూ ఆయుష్షుకూ లింకు ఉందా? 2010లో అమెరికా పరిశోధకురాలు జూలియాన్ హోల్ట్-లన్‌స్టాడ్, ఆమె సహచరులు 148 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. మొత్తం 3 లక్షల మందికి పైగా వివరాలవి. బలమైన సామాజిక సంబంధాలున్నవారు అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం, అవి లేనివారితో పోలిస్తే సుమారు 50 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానితో ముడిపడిన మరణాలు ఏటా 8 లక్షలకు పైగా ఉంటాయని ఆ నివేదిక అంచనా.

మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా విషయానికి వస్తే, మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి అది ఉందని ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. లాన్సెట్ కమిషన్ 2024లో ఈ జబ్బుకు మార్చుకోదగ్గ ముప్పు కారకాలు 14 అని తేల్చింది. వాటన్నిటినీ తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు, లేదా ఆలస్యం చేయవచ్చు అంది. ఆ జాబితాలో బీపీ, షుగరు, పొగతాగడంతో పాటు వినికిడి లోపం, సరిచేయని చూపు లోపం, నలుగురికీ దూరం కావడం కూడా ఉన్నాయి. మా అత్త విషయంలో వీటిలో ఒకటి మరోదాన్ని వెంటబెట్టుకొచ్చింది. చెవి వినబడక అరుగు దూరమైంది.

కబుర్లు మెదడుకు ఏం చేస్తాయి? ఎదుటివాళ్ల మాట వినాలి, ముఖం చదవాలి, పాత సంగతి గుర్తు తెచ్చుకోవాలి, సమయానికి తగిన మాట వెతుక్కోవాలి. ఇన్ని పనులు ఒకేసారి మెదడుకు పెట్టేది ఒక్క సంభాషణే. టీవీ ముందు కూర్చుంటే ఇందులో సగం కూడా జరగదు. ఇక అరుగు దాకా వెళ్లి రావడం కాళ్లకు వ్యాయామం. అన్నిటికంటే ముఖ్యం, రెండు రోజులు కనబడకపోతే "ఏమైంది, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేవాళ్లు ఉంటారు. జబ్బు ముదరక ముందే బయటపడేది చాలాసార్లు ఆ ప్రశ్న వల్లే.

ఇక్కడ సైన్సు తెలిసిన పాఠకులకు ఒక అనుమానం రావాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కదా నలుగురిలోకి వెళ్లగలిగేది? మంచం పట్టినవారు వెళ్లలేరు. అలాంటప్పుడు ఏది కారణం, ఏది ఫలితం? న్యాయమైన ప్రశ్నే. దీనికి జపాన్‌లోని తాకెతోయో అనే చిన్న పట్టణం కొంత జవాబు ఇస్తోంది. అక్కడ 2007లో వృద్ధుల కోసం సలోన్లు మొదలుపెట్టారు. క్షవరశాలలు కావు, స్థానిక వలంటీర్లు నడిపే కూడలి కేంద్రాలు. ఆటలు, పాటలు, తేలికపాటి వ్యాయామం, కబుర్లు. వచ్చేవాళ్లు సహజంగానే చురుకైనవాళ్లు కావచ్చు కాబట్టి పరిశోధకులు ఒక ఉపాయం వాడారు. ఎవరి ఇల్లు కేంద్రానికి ఎంత దూరంలో ఉందో లెక్కలోకి తీసుకున్నారు. దగ్గర్లో కేంద్రం వెలవడం ఒకరి ఆరోగ్యాన్ని బట్టి జరిగేది కాదు, కానీ దగ్గరుంటే వెళ్లే అవకాశం పెరుగుతుంది. ఇలా సరిచూసుకున్న తర్వాత కూడా, కేంద్రాలకు వెళ్లినవారిలో రోజువారీ పనులకు ఇతరుల మీద ఆధారపడే స్థితి తక్కువగా వచ్చింది. జ్ఞాపకశక్తి క్షీణించడమూ తక్కువగా కనిపించింది. ఇది ఒక్క ఊరి అనుభవమే. లాటరీ తీసి కొందరిని పంపి, కొందరిని ఆపి చేసిన ప్రయోగం కాదు. కానీ ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయినందువల్ల ఆరోగ్యం బాగుపడిందని చెప్పే ఆధారం ఇంతవరకు నేనెక్కడా చూడలేదు.

మనకు అరుగులు, రచ్చబండలు, ఉమ్మడి కుటుంబాలు ఉన్నాయి కదా, జపాన్‌తో పోలికేమిటని కొందరంటారు. రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారో గుర్తు చేసుకోండి. చాలా ఊళ్లలో మగవాళ్లు, అందులోనూ కొన్ని వీధుల వాళ్లు. వృద్ధాప్యంలో భర్తను పోగొట్టుకుని మిగిలిపోయే ఆడవాళ్ల సంఖ్యే ఎక్కువ, వాళ్లకు అక్కడ చోటు లేదు. కొత్త ఇళ్లకు అరుగులు పోయి ప్రహరీలు వచ్చాయి. ఇక ఇంటినిండా మనుషులున్నంత మాత్రాన ఒంటరితనం ఉండదనుకోవడం పొరపాటు. అందరూ ఫోన్లలో ఉన్న ఇంట్లో ఒక మూల కూర్చున్న తాతయ్యను అడిగితే తెలుస్తుంది.

మరి ఏం చేయవచ్చు? కొత్త పథకం కంటే ఉన్నవాటిని కలపడం మేలు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా మొదట్లో సచివాలయ సిబ్బంది పింఛను గడపకే తెచ్చి ఇస్తున్నారు. నడవలేనివారికి ఇది పెద్ద ఊరట. ఆ రెండు నిమిషాల్లోనే మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఈ వారంలో ఎవరితోనైనా కూర్చుని మాట్లాడారా? చెవులు బాగా వినబడుతున్నాయా? కళ్లు సరిగా కనబడుతున్నాయా? జవాబులు ఏఎన్‌ఎం చేతికి అందితే, ఎవరు ఇంట్లోనే ఉండిపోతున్నారో ఊరికి తెలుస్తుంది.

రెండోది, పరికరాలు. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, చేతికర్రలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. అలాంటిదొకటి ఉందని తెలిసినవారు ఎందరు? వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. మొదట హైదరాబాద్‌లో ప్రారంభమై తర్వాత దేశమంతటికీ విస్తరించింది. ఆ నంబరు ప్రతి రేషన్ దుకాణం గోడ మీదా కనబడాలి.

మూడోది, చోటు. కేరళలో స్థానిక సంస్థలు పకల్ వీడు పేరుతో పగటి ఇళ్లు నడుపుతున్నాయి. పెద్దవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి వస్తారు. మనకు కొత్త భవనం అక్కర్లేదు. బడి వదిలాక ఖాళీగా ఉండే ఒక గది చాలు, శాఖా గ్రంథాలయమైనా చాలు. వీపు ఆనించుకునే కుర్చీలు, కూర్చుని లేవడానికి వీలైన మరుగుదొడ్డి, పట్టుకునే కడ్డీ, మంచి వెలుతురు కావాలి. అన్ని వీధుల వాళ్లూ సంకోచం లేకుండా రాగలిగే చోట ఉండాలి.

నాలుగోది, పని. పెద్దవాళ్లను కూర్చోబెట్టి భజన వినిపించి పంపితే కొన్నాళ్లకే విసుగు పుడుతుంది. జింబాబ్వేలో కొద్దిపాటి శిక్షణ పొందిన అమ్మమ్మలు చెట్టు కింద బల్ల మీద కూర్చుని, దిగులుతో ఉన్నవారి మాట వింటారు. వారి సాయంతో రోగుల్లో కుంగుబాటు లక్షణాలు తగ్గినట్టు 2016లో వెలువడిన ఒక ప్రయోగం చూపింది. మన అమ్మమ్మలు పిల్లలకు కథలు చెప్పగలరు, బాలింతకు ధైర్యం చెప్పగలరు, పెరటి మొక్కలు పెంచడం నేర్పగలరు. తమ అవసరం ఇంకా ఎవరికో ఉందని తెలిస్తే ఎవరూ పిలవకుండానే వస్తారు.

మా అత్తకు వినికిడి యంత్రం పెట్టించాం. మొదటి వారం గిన్నెల మోత భరించలేక తీసి పక్కన పడేసింది. మెల్లగా అలవాటైంది. పోయిన నెల మళ్లీ రామాలయానికి వెళ్లింది. ఆ ఐదుగురిలో ఒకావిడ కాలం చేశారట. ఇద్దరిని పిల్లలు పట్నం తీసుకెళ్లారు. అరుగు మీద ఇప్పుడు మిగిలింది అత్తతో కలిపి ఇద్దరే. యంత్రం మేం కొనగలిగాం. ఆ అరుగు మీదకు మనుషులను మళ్లీ చేర్చడం ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు, ఊరు పూనుకోవాలి.