పళ్ళే కదా అని...

నిన్న మధ్యాహ్నం క్యాంటీన్లో మా టీమ్ కుర్రాడొకడు జామకాయ కొరికాడు. కాయ మీద ఎర్రగా మరక. "అది ఎప్పుడూ ఉండేదేలే" అని తుడిచేసి మళ్ళీ కొరికాడు. నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, నా మీద నాకే. రెండేళ్ళ కిందటి దాకా నేనూ అచ్చం అలాగే తుడుచుకున్నవాణ్ణి మరి.

ఒక్కసారి ఆలోచించండి. చేతులు కడుక్కున్నప్పుడల్లా వేళ్ళ సందుల్లోంచి రక్తం వస్తే ఏం చేస్తాం? ఆ సాయంత్రమే డాక్టరు దగ్గర ఉంటాం. అదే రక్తం పళ్ళు తోముకుంటుంటే వస్తే మాత్రం బ్రష్షు మారుస్తాం, లేకపోతే పేస్టు మారుస్తాం. ప్రొడక్షన్ సర్వర్ లాగ్‌లో ఒక్క వార్నింగ్ కనబడితే అర్ధరాత్రి లేచి కూర్చునే జాతి మనది. సొంత నోరు రోజూ పొద్దున్నే ఇస్తున్న వార్నింగ్ మాత్రం మనకి కనబడదు.

నా సంగతి చెప్తాను. చిగుళ్ళ వాపు ముదిరాక డెంటిస్టు దగ్గరికి వెళ్ళా. నాలుగు సిట్టింగుల్లో పళ్ళ మూలాల దాకా శుభ్రం చేశారు. బిల్లు ఎనిమిది వేలు దాటింది. కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా అని పంపించా. మూడు రోజుల్లో జవాబు వచ్చింది: ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ళ వైద్యం పాలసీలో లేదట. అదే పాలసీ నాకు గుండెలో స్టెంట్ వేస్తే లక్షలు ఇస్తుంది. అంటే నా గుండె నా ఒంట్లో భాగమే, నా నోరు మాత్రం పక్కింటివాళ్ళదన్నమాట!

ఇదేదో మా ఒక్క కంపెనీ తిక్క అనుకోకండి. మీ పాలసీ కాగితం తీసి చూడండి, చాలావాటిలో ఇదే వాక్యం ఉంటుంది. దీనికో సమాధానం కూడా చెప్తారు: పళ్ళ ఖర్చు అందరికీ వచ్చేదే, ముందే తెలిసేదే, ఇన్సూరెన్స్ అనేది అనుకోని ఖర్చుకి కదా అని. బానే ఉంది. మరి ఏటా చేయించే మాస్టర్ హెల్త్ చెకప్ ముందే తెలిసిన ఖర్చు కాదా? దానికి కంపెనీయే డబ్బు కడుతుందిగా? ఈసీజీ తీశారు, కొలెస్ట్రాల్ చూశారు, కళ్ళు కూడా చూశారు. "ఏదీ, నోరు తెరువు బాబూ" అని నన్ను ఒక్కరూ అడగలేదు.

సరే, అసలు విషయానికొద్దాం. 1683లో లీవెన్‌హుక్ అనే డచ్చి వ్యాపారి తన పళ్ళ సందుల్లోని పాచి తీసి సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శిని కింద పెడితే, అందులో బుడిబుడి కదులుతున్న ప్రాణులు కనిపించాయి. ఇప్పటిదాకా మనుషుల నోళ్ళలో గుర్తించిన బాక్టీరియా జాతులు ఏడువందలు దాటాయి. వీటిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ లాంటివి మనం తిన్న చక్కెరని ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ 5.5 కంటే తగ్గితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు చెయ్యడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఇప్పుడు మన పాంట్రీ గుర్తు తెచ్చుకోండి. ఒక కప్పు తియ్యటి కాఫీని స్టాండప్ మీటింగ్ నుంచి లంచ్ దాకా గుక్క గుక్కగా తాగే మనకి ఆ గంట ఎప్పుడు దొరుకుతుంది?

చిగుళ్ళ సంగతి ఇంకో కథ. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే ఆయన చిగుళ్ళు బాగున్న పన్నెండుమంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించాడు. పది నుంచి ఇరవయ్యొక్క రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలెట్టాక వారం రోజుల్లోనే తగ్గిపోయింది. అంటే ఈ దశలో ఖర్చు ఒక బ్రష్షు, కాస్త ఓపిక, అంతే. వదిలేస్తే పాచి గట్టిపడి గార అవుతుంది. అది బ్రష్షుకి లొంగదు. చిగురు పంటిని వదిలేసి సంచీలా సాగుతుంది, గాలి ఆడని ఆ సందుల్లో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటివి కాపురం పెడతాయి. వాటితో పోరాడే గొడవలో మన ఎముకే కరుగుతుంది. ఆ ఎముక చాలావరకు తిరిగి రాదు.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయి" అనే మాట మన ఇళ్ళలో అందరం విన్నదే. కదిలించేది క్లీనింగ్ కాదండీ. ఎముక ఎప్పుడో పోయింది, గార సిమెంటులా పట్టుకుని ఆ సంగతి దాచింది, అంతే.

నోటి రోగం నోట్లోనే ఉండిపోతుందా అంటే, ఉండదు. మా నాన్నగారికి పదిహేనేళ్ళుగా షుగరు. మూడు నెలలకోసారి రక్తం పరీక్ష, ఏడాదికోసారి కళ్ళు, కాళ్ళు. నోరు ఎవరూ చూడలేదు. కింది పళ్ళు రెండు ఊడిపోతే "వయసయింది కదరా" అన్నారు. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు! షుగరు ఎక్కువైతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళ వాపు వల్ల ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. షుగరు ఉన్నవాళ్ళకి చిగుళ్ళ వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం తగ్గిందని 2022లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. షుగరు మందు రాసిన ఏ చీటీ మీదా మాకీ ముక్క కనబడలేదు.

గుండె విషయంలో మాత్రం నోరు జారకూడదు. నోటి బాక్టీరియా రక్తంలో కలిసి, అంతకుముందే దెబ్బతిన్న గుండె కవాటాల మీద చేరడం నిజమే, ప్రాణం మీదకి తెచ్చే జబ్బే. చిగుళ్ళ జబ్బుకీ గుండెపోటుకీ సంబంధం కనబడుతోంది గానీ, అదే కారణం అనడానికి సాక్ష్యం చాలదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. అతిగా నమ్మినా ప్రమాదమే. 1910 తర్వాత కొన్నాళ్ళు, ఒంట్లో ఏ రోగానికైనా పళ్ళే మూలమని పాశ్చాత్య దేశాల్లో నిక్షేపంలాంటి పళ్ళు పీకిపారేశారు.

"అయితే మౌత్‌వాష్‌తో అన్నిటినీ చంపేస్తే సరి" అనేవాళ్ళకి ఒక మాట. పాలకూర, బీట్‌రూట్ లాంటి వాటిలోని నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చేది మన నాలుక మీది బాక్టీరియాయే. రక్తనాళాలు సడలడానికి అది పనికొస్తుంది. 2013లో ఆరోగ్యంగా ఉన్న పంతొమ్మిదిమంది ఒక వారం క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలిస్తే రక్తపోటు 2 నుంచి 3.5 పాయింట్లు పెరిగింది. డాక్టరు రాస్తే వాడండి, రాసినన్నాళ్ళే వాడండి. ప్రకటన చూసి మాత్రం కాదు. ఊళ్ళో దొంగలున్నారని ఊరు తగలబెట్టుకోం కదా.

నేను కోరేది పెద్దదేం కాదు. ఏడాదికి మన తలా ఒక డెంటల్ చెకప్, ఒక క్లీనింగ్. పాలసీ రెన్యువల్ వచ్చినప్పుడు హెచ్ఆర్‌కి ఈ ఒక్క ప్రశ్న మెయిల్ చెయ్యండి. నేను చేశా. "నోటెడ్" అని ఒక్క ముక్క వచ్చింది. ఒక్కడు అడిగితే నోటెడ్, రెండొందలమంది అడిగితే మీటింగ్ పెడతారు. అందాకా రాత్రి పడుకునే ముందు తోముకోండి, సందులు శుభ్రం చేసుకోండి, ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ళని ఒకసారి డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. నేను మా నాన్నగారిని రెండు పళ్ళు ఆలస్యంగా తీసుకెళ్ళా.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందో లేదో గానీ, ఒళ్ళు మంచిదవ్వాలంటే మాత్రం నోరు బాగుండాల్సిందే. రేపు ఆ జామకాయ కుర్రాడికి డెంటిస్టు నంబరిస్తా. తిట్టుకుంటే తిట్టుకోనీండి!