మాట రాని బిడ్డకు జవాబుదారీ ఎవరు?

పొద్దున్నే ఊరి చావడి దగ్గర బిడ్డను బడి బస్సు ఎక్కించిన క్షణం నుంచి సాయంత్రం తిరిగి దించుకునే దాకా ఆ బిడ్డ క్షేమం తల్లిదండ్రుల చేతిలో ఉండదు. డ్రైవరు, ఆయా, బడి యాజమాన్యం చేతిలో ఉంటుంది. మాటకారి పిల్లలైతే బస్సు జోరుగా నడిపారనీ, ఆయా కసురుకున్నదనీ ఇంటికి వచ్చి చెబుతారు. మాట రాని బిడ్డ, బుద్ధి ఎదుగుదల తక్కువైన బిడ్డ ఏమి చెప్పగలరు? బస్సు చూడగానే ఏడుస్తారు, తల్లి కొంగు వదలరు. ఆ ఏడుపును మొండితనం కింద కొట్టివేయడం పరిపాటి అయింది. ఇది మిక్కిలి శోచనీయం.

బడి బస్సు ప్రమాదం ఎటువంటిదో మెదక్ జిల్లా వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 2014 జూలై 24న మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజరు రైలు ఢీకొన్నది. ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. ఆ ఘోరం దేశాన్నే కదిలించింది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలా లేని గేట్లు లేకుండా చేసినట్లు రైల్వే శాఖ ప్రకటించింది. గట్టిగా పట్టుబడితే ప్రభుత్వాలు చేయలేనిది లేదని దీనివల్ల తెలుస్తున్నది. గేటుకు కాపలా వచ్చింది. బస్సు లోపలి కాపలా సంగతి మాత్రం ఇప్పటికీ ఎవరికీ పట్టినట్లు లేదు.

లోపలి ప్రమాదం చప్పుడు లేకుండా వస్తుంది. 2015 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 19 ఏళ్ల ఆటిజం విద్యార్థి ఒకడు ఎండలో నిలిపి ఉంచిన బడి బస్సులో ఉండిపోయి ప్రాణం విడిచాడు. దిగాడో లేదో చూసినవారు లేరు. మరుసటి ఏడు అక్కడ చట్టం చేశారు. డ్రైవరు బస్సు వెనుక చివరిదాకా నడిచివెళ్లి ఒక మీట నొక్కితే గాని దిగిపోవడానికి వీలులేని ఏర్పాటు దానితో వచ్చింది. 2022 సెప్టెంబరులో జపానులో మూడేళ్ల పాప ఇలాగే బలి అయింది. 2023 ఏప్రిల్ నుంచి అక్కడ కూడా చిన్నపిల్లల బస్సులకు ఇటువంటి పరికరం తప్పనిసరి చేశారు. తలుపులు మూసి ఎండలో ఉంచిన బండిలో పది నిమిషాలకే సుమారు పది డిగ్రీల వేడి పెరుగుతుంది. మెదక్ వేసవిలో ఆ వేడి ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. కేక వేసి పిలవలేని బిడ్డ ఆ బండిలో ఉంటే గతి ఏమిటి?

ఈ దేశంలో చట్టాలకు కొదవ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి పిల్లలకు, ఎక్కువ ఆసరా అవసరమైన వారి వెంట వచ్చే తోడుకు కూడా రాకపోకల వసతి కల్పించడం బడుల బాధ్యతగా ప్రభుత్వాలు చూడాలంటున్నది. తన సంరక్షణలో ఉన్న బిడ్డను బుద్ధిపూర్వకంగా నిర్లక్ష్యం చేసి బాధకు గురిచేసే సంస్థ ఉద్యోగికి 5 ఏళ్ల వరకు కఠిన శిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను చెబుతున్నది. భవిత కేంద్రాలకు వచ్చే పిల్లలకు రాకపోకల భత్యం, తోడు భత్యం ఇచ్చే పద్ధతీ ఉన్నది. కాగితం మీది మాట ఊరి బాట దాకా రావడమే కావలసింది.

ఏదైనా జరిగితే డ్రైవరును తీసివేయడం, ఆయాను మాన్పించడం, అంతటితో చేతులు దులుపుకోవడం జరుగుతున్నది. తప్పు చేసిన వారిని విడిచిపెట్టమని ఎవరూ అనరు. కాని బిడ్డకు మూర్ఛ వస్తే ఏమి చేయాలో ఆయాకు ఎవరైనా నేర్పారా? చాలీచాలని జీతం మీద, నలభై మంది పిల్లలను ఒక్కరికే అప్పగించినది ఎవరు? కింది ఉద్యోగి మెడకు ఉచ్చు బిగించి యాజమాన్యం పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు. తనిఖీ చేయవలసిన అధికారికి కూడా ఇందులో పాలున్నది.

కావలసినవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఎక్కినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి పిల్లలను లెక్కపెట్టి పుస్తకంలో సంతకం చేయాలి. ఆఖరి బిడ్డ దిగాక డ్రైవరు వెనుక సీటు దాకా నడిచి చూసి గాని తాళం వేయరాదు. బడికి రాని బిడ్డ ఇంటికి మొదటి పీరియడు ముగిసే లోపలే ఫోను చేయాలి. ప్రత్యేక అవసరాలు గల ప్రతి బిడ్డకు ఒక కార్డు ఉండాలి. మూర్ఛ ఉన్నదా, ఏ మందు వాడుతున్నారు, ఎవరికి అప్పగించాలి అన్నవి అందులో రాయాలి. డ్రైవరు మారిన రోజున ఆ కార్డు కొత్తవాని చేతిలో ఉండాలి. వేసవి సెలవుల్లో బస్సులకు సామర్థ్య పరీక్ష జరిపే రవాణా అధికారులు టైర్లు, బ్రేకులతో పాటు ఈ పుస్తకం కూడా అడిగి చూడాలి. మండల విద్యాధికారి నెలకొకసారైనా బస్సు ఎక్కి చూడాలి. పిల్లలను ఎక్కించుకునే ఆటోలకూ ఇదే కట్టడి వర్తించాలి.

తల్లిదండ్రుల వంతు కూడా లేకపోలేదు. బిడ్డ ఒంటి మీద గాయం కనిపించినా, ఉన్నట్టుండి బస్సంటే బెదిరినా సర్దుకుపోరాదు. యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకుంటే 1098కి ఫోను చేయాలి. అటువంటి బిడ్డ ఉన్న ఇల్లు ఊరిలో ఒకటో రెండో ఉంటుంది గనుక అడిగే గొంతు ఒంటరిదవుతున్నది. సర్పంచి, ఊరి పెద్దలు ఆ తల్లి వెంట నిలబడితే ఏ బడీ కాదనలేదు.

చెప్పుకోలేని బిడ్డ తరఫున చెప్పవలసినది పెద్దలే. మాసాయిపేటలో కన్నీరు కార్చిన జిల్లా మరొక ఘోరం జరిగాక కళ్లు తెరవడం తగదు. జూన్‌లో బడులు తెరిచే నాటికే ఆ పుస్తకం ప్రతి బస్సులో ఉండేలా అధికారులు చూడాలి.