గది సముద్రానికి కాదు, రేవుకు దగ్గరుండాలి

డిసెంబర్ సెలవులకు ఇండియా టికెట్లు తీసే కాలమొస్తే సిటీవెస్ట్‌లో ఏ తెలుగింట్లో విన్నా ఒకటే చర్చ: అమ్మానాన్నల్ని ఈసారి ఎక్కడికి తీసుకెళ్దాం? పగడపు దిబ్బలు, వర్షారణ్యాలు రెండూ కావాలంటే ఆస్ట్రేలియాలోని కెయిన్స్ దాకా పోనక్కర్లేదు, అండమాన్ చాలు. బస ఎక్కడన్నదే అసలు సంగతి.

చాలామంది అన్ని రోజులూ హావ్‌లాక్‌లోనే, అంటే 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన దీవిలోనే, రిసార్ట్ బుక్ చేస్తారు. పిల్లలకు పండగే. కానీ అక్కడ పగడాలకు పేరున్న ఎలిఫెంట్ బీచ్‌కు స్పీడ్‌బోటు ఎక్కాలి, లేదా అడవిలో నడవాలి. మోకాళ్ల నొప్పుల నాన్న గదిలోనే మిగిలిపోతారు. రెండేళ్లకోసారి కలిసేది ఇందుకేనా?

నా ఓటు నీల్‌కు, ఇప్పటి షహీద్ ద్వీప్‌కు. చిన్న దీవి. రేవు పక్కనే భరత్‌పూర్ బీచ్. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుని నానమ్మ కూడా మనవడితో పాటు పగడాలు చూడొచ్చు. సముద్రం వైపు కిటికీ కోసం ఎక్కువ డబ్బు పోయడం నాకైతే దండగే.

తిరుగు విమానానికి ముందు రాత్రి మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలోనే, ఉండండి. సముద్రం పోటెత్తితే ఫెర్రీలు ఆగిపోతాయి. పైగా అక్కడ తెలుగువాళ్లు ఎక్కువ. బజారుకెళ్తే అమ్మకు మాట్లాడే మనుషులు దొరుకుతారు.