చిన్న స్టేషన్లు – మన కెమెరాలు



మేము హాస్టల్‌లో ఉన్న రోజుల్లో సెలవులిచ్చారంటే ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని టెక్కలి స్టేషన్‌కి నడిచేవాళ్ళం. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే నారోగేజి బండి అది. పాతపట్నం వైపు పిల్లలందరం అందులోనే వెళ్ళేవాళ్ళం. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి వేయించిన లైను. 1900లో పర్లాకిమిడి దాకా నడిచింది, 1931కి గుణుపురం చేరింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. సైకిల్ మీద వెళ్ళేవాడు మాకంటే ముందు ఊరు చేరి వెక్కిరించేవాడు. 2004లో ఆ బండి ఆపేశారు. బ్రాడ్‌గేజి వేసి 2011లో మళ్ళీ నడిపారు.

ఆ చిన్న రైలు ఫోటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు. అప్పుడు మనకి కెమెరా ఎక్కడిది? గ్రూప్ ఫోటోకే తలా కొంత వేసుకునేవాళ్ళం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రైలు అభిమానులు తీసిన ఫోటోలు మాత్రం ఇప్పుడు చూడగలుగుతున్నాను. నేను చూసినవాటిలో ఇంజను నంబరు రాశారు, అది ఏ రకమో రాశారు. కిటికీలో గంప పట్టుకుని కూర్చున్న ఆవిడ ఎవరో రాయలేదు. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళు తీయకపోతే ఆ మాత్రం కూడా మిగిలేది కాదు. అయితే ఆవిడ ఎవరో రాయవలసింది మనం.

పాత స్టేషన్లలో చూడవలసిన వింతలు చాలా ఉన్నాయి. ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా టోకెన్ గోళం ఉండేది. పక్క పక్క స్టేషన్లలో ఉండే రెండు యంత్రాలను కరెంటు తీగతో కలిపేవారు. ఒక గోళం బయటికి వచ్చిందంటే అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండోది రాదు. ఆ గోళాన్ని సంచిలో వేసి, పెద్ద బెత్తపు వలయానికి కట్టి డ్రైవర్‌కి అందించేవారు. గోళం చేతికి రానిదే బండి కదలకూడదు. చేతి సిగ్నల్ ఇంకో వింత. లీవరు లాగితే తీగ లాగి రెక్క వాలుతుంది. తీగ తెగితే బరువుకి రెక్క దానంతటదే అడ్డంగా నిలబడి బండిని ఆపుతుంది. చెడిపోయినా మనిషి ప్రాణం పోకుండా కట్టిన ఏర్పాటు. మన ఫిజిక్స్ మాస్టారు దీన్ని చూపించి ఉంటే నాకు ఇంకో పది మార్కులు వచ్చేవి! పసుపు బోర్డు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, గమనించారా? అరకు లైనులో శిమిలిగుడ దగ్గర అది 996 మీటర్లు.

కాని పాత స్టేషన్ అనగానే ముచ్చటపడిపోవటం నాకు చేతకాదు. మహారాష్ట్రలో మసూర్ అనే చిన్న స్టేషన్ ఉంది. 1901లో తండ్రి దగ్గరికి బయలుదేరిన బాలుడు అంబేడ్కర్ తనవాళ్ళతో అక్కడ దిగాడు. మంచి బట్టలు చూసి స్టేషన్ మాస్టర్ ఆదరంగా పలకరించాడు. మహర్ పిల్లలని తెలియగానే ముఖం మారిపోయి లోపలికి వెళ్ళిపోయాడు. బాడుగ బళ్ళు చాలా ఉన్నా ఒక్కరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు డబ్బిస్తే, బండి పిల్లలే తోలుకునేటట్టు ఒకడు ఒప్పుకున్నాడు. రాత్రంతా వాళ్ళకి తాగటానికి నీళ్ళు దొరకలేదు. బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్న సంగతి ఇది. ఆనాడు స్టేషన్లలో హిందువులకు వేరు కుండ, ముస్లింలకు వేరు కుండ ఉండేవి. పాత ప్లాట్‌ఫాం మీద వేపచెట్టునీ రాతి బెంచీనీ ఫోటో తీసేవాళ్ళు నీళ్ళ కుండ ఎక్కడ ఉండేదో కూడా అడగాలి. లేకపోతే సగం స్టేషన్నే తీసినట్టు.

చిన్న రైలు పోయిందని బాధపడమని నేను చెప్పటం లేదు. ఇప్పుడు గుణుపురం నుంచి విశాఖకి నేరుగా బండి ఉంది. రోగిని తీసుకుపోయేవాడికి ఆ విలువ తెలుసు. 2020లో కరోనాకి బళ్ళు ఆగాక మళ్ళీ నడిపినప్పుడు చాలా చిన్న స్టేషన్లలో ఆపటం మానేశారు. పది రూపాయల టికెట్టు ముప్పై అయింది, 2024లో గానీ తగ్గలేదు. 2023లో మొదలైన అమృత్ భారత్ పథకంలో చాలా స్టేషన్లు కొత్త రూపు దిద్దుకుంటున్నాయి. దిద్దుకోనీ, మంచిదే. పాత గోడలు కూల్చకముందు ఒక్క ఫోటో తీయండి అంటున్నాను, అంతే.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోను ఉంది. పట్టాల మీదికి మాత్రం దిగకండి. అది నేరం, పైగా ప్రాణానికి ముప్పు. ప్లాట్‌ఫాం టికెట్టు కొని, మాస్టారుగారిని అడిగి తీయండి. మన హాస్టల్‌లో గ్యాంగ్‌మన్ల పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. ముందు మీ నాన్ననీ తాతనీ తీయండి. ఎండలో పట్టా ఎలా సాగేదో, రాత్రి లాంతరుతో ఎంత దూరం నడిచేవారో అడిగి, పేరుతో సహా ఫోటో వెనక రాయండి.

2004కి ముందు టెక్కలి గాని, పాతపట్నం గాని స్టేషన్ కనిపించే ఫోటో, పెళ్ళి ఫోటో వెనకాల కనిపించేదైనా సరే, ఎవరి ఇంట్లో ఉన్నా వార్షికోత్సవానికి తీసుకురండి. కాపీ తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాను.